తిమ్మిరిని జ్ఞానం అనుకున్నాం

ఈ జబ్బు గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లలో ఒక్కరికీ నా మాట వినే తీరిక లేదు. అందరూ నాకు చెప్పడానికే వచ్చారు. ఈ ఒళ్లు అద్దె ఇల్లని ఒకరు, కల అని ఒకరు, ఎండమావి అని ఇంకొకరు. ఒకావిడైతే నా మంచం మీదే కూర్చుని, తన చేతిసంచీ నా కాలి మీద పెట్టి, "ఇదంతా లేనే లేదనుకో సరోజా" అని గంటసేపు చెప్పింది. సంచీ బరువుగా ఉందో లేదో నాకు తెలియదు. ఆ రోజుల్లో నా కాళ్లకు ఏదీ తెలిసేది కాదు. తీసి కింద పెట్టమని చెబుదామంటే నోరు తిరగలేదు.

ఇప్పుడు నోరు బాగానే తిరుగుతోంది. కాబట్టి చెబుతాను. కొంత నా కడుపుమంట తీర్చుకోవడానికి, కొంత మేం చేసిన తెలివితక్కువ పని ఇంకెవరూ చేయకుండా ఉండటానికి.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. మాది ధర్మవరం. మా ఆయన రామాంజి పట్టుచీరలు నేస్తాడు. నేను వార్పులు అతుకుతాను. మగ్గం మీద నిలువు పోగులు అయిపోవచ్చినప్పుడు కొత్త పోగులను పాతవాటి కొనలకు ఒక్కొక్కటే కలపాలి. ముడి వేయకూడదు, వేస్తే నేతలో అడ్డం పడుతుంది. వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు కొనలనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెలితిప్పాలి. ఒక చీర వార్పులో అలాంటి పోగులు వేలల్లో ఉంటాయి. కంటితో చూస్తూ చేస్తే ఆ పని ఎప్పటికీ తెమలదు. మెలిక పడిందో లేదో వేలి కొసకే తెలియాలి. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఇదే నా పని. నా చదువూ ఉద్యోగమూ ఆ రెండు వేళ్లే. అవి పోతే నేనేమవుతానన్న భయంతోనే ఈ ఏడాది గడిచింది.

ఆషాఢం చివర

మా ఆయన చాలా ఏళ్లుగా పెనుకొండ అయ్యవారి దగ్గరికి పోతాడు, నన్నూ తీసుకుపోతాడు. అయ్యవారంటే రిటైరైన లెక్కల టీచరు. ఆదివారాలు తన ఇంటి మేడ మీద ముప్పై నలభై మందిని కూర్చోబెట్టి, కనిపించే జగత్తంతా మిథ్య అని, నువ్వు ఈ దేహం కాదని చెబుతారు. మంచి మనిషి. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోరు. గొంతు హెచ్చించరు. ఆయన చెప్పేటప్పుడు వింటే నిజమే అనిపిస్తుంది. బస్సెక్కి సీటు కోసం తోసుకునేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుండదు.

అక్కడ ఒక పద్ధతి ఉంది. గంటసేపు కళ్లు మూసుకుని కదలకుండా కూర్చున్నాక, ఎవరికి ఏమి కలిగిందో లేచి చెప్పాలి. దాన్ని అనుభవం చెప్పడం అంటారు. ఒకరికి వెలుగు కనిపించేది. ఒకరికి గంట వినిపించేది. ఒక బట్టల కొట్టు ఆయనకు ప్రతి వారమూ నక్షత్రాలే. నాకు నడుమునొప్పి తప్ప ఏదీ కలగలేదు. ఏళ్ల తరబడి నా వంతు వచ్చినప్పుడల్లా "ఏమీ లేదు అయ్యవారూ" అని కూర్చునేదాన్ని. మా ఆయన తల దించుకునేవాడు. పిల్లవాడు పరీక్ష తప్పితే తండ్రి ఎలా కూర్చుంటాడో అలా.

అంతకు ముందు వారం నాలుగు రోజులు నాకు విరేచనాలు పట్టి తగ్గాయి. నీరసంగానే పోయాను. ధ్యానంలో కూర్చున్నాక కాలివేళ్లు తిమ్మిరెక్కాయి. అది మామూలే. లేచాక కూడా పోలేదు. నా వంతు వచ్చింది.

"కాళ్లు ఉండాయో లేవో తెలీడం లేదు అయ్యవారూ. నేల మీద నిలబడినా దూది మీద నిలబడినట్టుండాది," అన్నాను.

అయ్యవారి కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, నేను చూశాను. "ఎన్నేండ్లు కూర్చుంటే వస్తుందమ్మా ఇది! దేహం మీద ధ్యాస జారిపోతాండాది. పట్టుకోవద్దు తల్లీ. పోనీ," అన్నారు.

నలభై మందీ నా వైపు తిరిగి చూశారు. నక్షత్రాల ఆయన ముఖం చిన్నబోయింది. తిరుగు ప్రయాణంలో బస్సులో మా ఆయన నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అదే మొదటిసారి. అబద్ధం చెప్పడం దేనికి, నాకు గర్వంగానే అనిపించింది. అక్కడే నేను మోసపోయాను. నన్ను ఎవరూ మోసం చేయలేదు. ఆ గర్వం నాదే.

ఆ వారమంతా తిమ్మిరి పైకి పాకింది. మంగళవారానికి మోకాళ్లు. గురువారానికి చేతివేళ్లు. శ్రావణం ముందు రోజులు కదా, పెళ్లిచీరల పని గొంతు మీద కూర్చుంది. ఒక వార్పు అతకడానికి కూర్చుంటే పోగు చేతిలో ఉందో జారిపోయిందో తెలియలేదు. కంటితో చూసుకుంటూ మెలితిప్పాను. మధ్యాహ్నం మా ఆయన మగ్గం కదిపేసరికి సగం అతుకులు ఊడిపోయి పోగులు వేలాడాయి. నా చేతి అతుకు ఊడటం అంతకు ముందు ఎప్పుడూ లేదు.

మా అత్తకు చదువు రాదు, ధ్యానమూ రాదు. ఆమె ఒక్కతే సరిగ్గా మాట్లాడింది. "ఏమ్రా రామాంజీ, దాని చేతులు పని చేయడంల్యా. ఆస్పత్రికి తీసకపో," అంది.

"నీకు తెలీదులేమ్మా. అది వేరే," అన్నాడు మా ఆయన.

"ఏం వేరే? నేను నలుగురిని కన్నా. మొద్దుబారితే మొద్దుబారినట్టే."

నేనైనా అత్త వైపు మాట్లాడి ఉండాల్సింది. మాట్లాడలేదు. ఆస్పత్రికి పోతే ఇది జబ్బు అంటారు. జబ్బు అయితే మళ్లీ వచ్చే ఆదివారం "ఏమీ లేదు అయ్యవారూ" అని కూర్చోవాలి. ఊడిన అతుకులు చూసి భయపడుతూనే, ఆ భయాన్ని కూడా మాయ అనుకున్నాను. ఆ వారం ఎన్నిసార్లు తలుచుకున్నా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

శ్రావణం, మొదటి ఆదివారం

పెనుకొండలో మేడ మెట్లు ఎక్కడానికే మా ఆయన నన్ను పట్టుకోవాల్సి వచ్చింది. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ధ్యానం ముందు అందరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ ఇచ్చారు. మిగతావాళ్లు అంచులు పట్టుకుని, కొంగుతో పట్టుకుని ఊదుకుంటూ తాగుతున్నారు. నేను గ్లాసును అరచేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాను. పక్కనున్నామె చూసి, "అయ్యో, కాలడంలేదా అక్కా?" అంది. నాకు వేడే తెలియలేదు.

ఆ మాట మేడంతా పాకింది. చలీ వేడీ దాటిపోయింది అన్నారు. అయ్యవారు కళ్లు మూసుకుని తల ఊపారు. నా అరచేతులు ఎర్రగా కమిలిపోతుంటే నేను నవ్వుతూ కూర్చున్నాను.

ధ్యానం అయ్యాక మెట్లు దిగుతుంటే మోకాళ్లు లేనట్టే అయిపోయాయి. నడిమెట్టు మీద కూలబడ్డాను. నా ముందు ఇద్దరాడవాళ్లు దిగుతున్నారు. వెనక్కి తిరిగి చూశారు. చేయి చాచి పట్టుకుంటారనుకున్నాను. చేతులు జోడించి నాకు నమస్కారం పెట్టారు! నేను మెట్టు మెట్టుకూ జారుతుంటే వాళ్లు గోడకు ఒత్తుకుని దారి ఇచ్చి, భక్తిగా నిలబడ్డారు. ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం కింద గచ్చు మీద పడి, నోరు తెరిచి "పట్టుకోండి" అనబోతే పెదవి ఒక పక్కకు లాగేసి మాట ముద్దగా వచ్చింది.

నన్ను బతికించింది ఒక ఆటో ఆయన. ఎవరో ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. బస్టాండుకు తీసుకుపోవడానికి మా ఆయన పిలిస్తే వచ్చాడు. నన్ను ఎక్కించేటప్పుడు ముఖంలోకి చూసి ఆగిపోయాడు.

"ఏమప్పా, ఆయమ్మ మూతి వంకర పోయిండాదే. బస్టాండుకు అంటావు?"

"ధ్యానంలో అట్ల అయితాదప్పా. ఇంటికి పోతే సర్దుకుంటాది," అన్నాడు మా ఆయన.

"ధ్యానంలో మూతి యాడన్నా వంకర పోతాదా? కూర్చో ముందు," అని ఆటోను ఆసుపత్రి వైపు తిప్పాడు. మా ఆయన వద్దని ఏదో అంటూనే ఉన్నాడు. ఆటో ఆయన పాటల సౌండు పెంచాడు.

పెనుకొండ ఆసుపత్రిలో డాక్టరు చిన్న వయసు ఆయన. చిన్న సుత్తితో నా మోకాలి కింద కొట్టాడు. కాలు ఎగరలేదు. ఇంకోసారి కొట్టాడు. అప్పుడు ముఖం మారింది.

"ఎన్ని రోజులైంది?"

"వారం," అన్నాడు మా ఆయన.

"వారం నుంచి ఏం చేస్తాండారు?"

మా ఆయన నేల చూపులు చూస్తూ, "ధ్యానం," అన్నాడు. డాక్టరు వెంటనే అంబులెన్సు పిలిచి హిందూపురం పంపించాడు.

శ్రావణం, తర్వాతి రోజులు

హిందూపురంలో నరాల డాక్టరమ్మ మామూలు మాటల్లోనే చెప్పింది. జబ్బులతో పోరాడాల్సిన ఒంటిలోని శక్తి, ఆ విరేచనాల తర్వాత దారి తప్పి, నా నరాల మీదే పడిందట. కాళ్ల నుంచి పైకి పాకుతుందట. ఊపిరి దాకా పాకకుండా ఆపాలట. మందు ఎక్కిస్తాం, చాలామందికి తగ్గుతుంది, కానీ నెలలు పడుతుంది అంది.

"వేళ్లు?" అని అడిగాను. ఆ ఒక్క మాట చెప్పడానికి మూడుసార్లు ప్రయత్నించాను.

"ఇప్పుడే చెప్పలేమమ్మా," అంది.

వాళ్లు నా ఊపిరిని కొలిచిన పద్ధతి నేను మరిచిపోలేను. గుండెల నిండా గాలి పీల్చుకుని, ఆ ఒక్క ఊపిరిలో ఎంతవరకు అంకెలు చెప్పగలనో చెప్పాలి. మొదటి రోజు ఇరవై రెండు. మర్నాడు పొద్దున పదిహేడు. సాయంత్రానికి పద్నాలుగు. నర్సు ప్రతిసారీ రాసుకునేది. ఆమె కలం కదలడం చూస్తూ నేను ఆమె ముఖం చదవాలని చూసేదాన్ని. పదకొండు దగ్గర ఆగినప్పుడు ఆమె డాక్టరమ్మకు ఫోన్ చేసింది. గొట్టం వేయాల్సి వస్తుందేమో అని మా ఆయనతో అనడం నాకు వినిపించింది.

ఇంతలో మా ఆయన ఏం చేస్తున్నాడనుకున్నారు? నా తల దగ్గర కూర్చుని, "జబ్బు దేహానికి, నీకు కాదు. నువ్వు చూసేదానివి. చూస్తా ఉండు," అని చెవిలో చెబుతున్నాడు. పదకొండు అంకెలకు ఊపిరి చాలక నేను చస్తుంటే!

"నేను దేహం కాకపోతే ఈ బెడ్డు ఎవరికి తీసుకున్నావు?" అన్నాను. అన్నాననుకున్నాను. నోట్లోంచి వచ్చింది ఏదో ముద్ద.

"ఏం కావాల? నీళ్లా?" అన్నాడు.

కోపం వస్తే కసురుకోవడానికి నోరు లేదు, విసిరేయడానికి చెయ్యి లేదు, అటు తిరిగి పడుకోవడానికి ఒళ్లు లేదు. అంత కోపాన్ని కదలకుండా మోయడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. సాక్షిగా ఉండటం అంటే ఇదేనేమో అనిపించింది. అలాగైతే నాకది అక్కర్లేదు.

మరుసటి రోజు పొద్దున కూడా పదకొండే. తగ్గలేదు, పెరగలేదు. నర్సు వెళ్లాక మా ఆయన మళ్లీ నా చెవి దగ్గరికి వంగాడు. మొదలుపెట్టాడనుకున్నాను. అతని గడ్డం నా చెంపకు ఆనింది. అక్కడ కూడా నాకు సగమే తెలిసింది.

"భయమైతాండాదే సరోజా," అన్నాడు. "నాకేం తెలీదు. నాకేమీ తెలీదే."

పది రోజుల్లో అతను చెప్పిన మొదటి నిజం అది. అతను నన్ను ఓదార్చడానికి కాదు, తన వణుకు తనకు వినిపించకుండా ఉండటానికి ఆ మాటలన్నీ చెబుతున్నాడని అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత అతను నాకు దేహం గురించి ఏమీ చెప్పలేదు. నా ఎడమ కన్ను మూతపడేది కాదు. గంటకోసారి తడిగుడ్డతో దాన్ని అద్దుతూ కూర్చున్నాడు. గంజి చెంచాతో పోసేవాడు. సగం కారిపోయేది. తుడిచి మళ్లీ పోసేవాడు. ఆ రోజు సాయంత్రం పన్నెండు చెప్పాను. మర్నాడు పదిహేను. గొట్టం తప్పింది.

భాద్రపదం

వార్డులోకి మార్చాక ఎదురు మంచం పక్కన అగళి నుంచి వచ్చిన పుట్టమ్మ ఉండేది. ఆమె భర్తకు వెన్నులో ఏదో అయి కాళ్లు పడిపోయాయి. ఆమె తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడేది. నా జుట్టు అట్టలు కట్టి ఉండటం చూసి, అడగకుండానే దువ్వెన తెచ్చుకుని నా తల వెనక కూర్చుంది. చిక్కు తీయడానికి ఆమెకు రెండు మధ్యాహ్నాలు పట్టింది. మా వాళ్లలో ఎవరికీ తట్టని పని.

మొదటి మధ్యాహ్నం దువ్వుతుండగా నా కాలి మడమలో ఎవరో నిప్పు పెట్టినట్టు మంట పుట్టింది. "అబ్బా!" అని అరిచాను.

"నోవిదెయా తాయి?" అంది కన్నడంలో. నొప్పి ఉందా అని.

"ఉండాది. కాలుతాండాది."

ఆమె దువ్వెన ఆపి, లేచి వచ్చి నా పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది. "అదృష్టమమ్మా నీది. మా ఆయప్పకు సూది గుచ్చినా తెలీదు. రోజూ గిచ్చి చూస్తాండా. ఒక్క దినం అరిస్తే చాలని దేవుడికి మొక్కుకుంటాండా," అంది. ఆమె ముఖంలో అసూయ కూడా లేదు. నా మంటను చూసి నిజంగా సంతోషపడింది. నేను సిగ్గుపడ్డాను.

వేదాంతం చెప్పేవాళ్ల రాక మాత్రం ఆగలేదు. ఎవరొచ్చినా అదే మాట. నాకు ఒక అనుమానం వచ్చింది. తమ పంటినొప్పిని మాయ అన్నవాళ్లు ఒక్కరూ నాకు తగల్లేదు. ఎదుటివాళ్ల ఒళ్లే వాళ్లకు మిథ్య.

కార్తీకం నుంచి పుష్యం దాకా

ఇంటికి వచ్చాక అసలు యాతన మొదలైంది. నరాలు తిరిగి మేలుకునేటప్పుడు ఊరుకోవు. చీమలు పాకినట్టు, ఇసుక రుద్దినట్టు, వేడినీళ్లు పోసినట్టు. దుప్పటి తగిలినా అరిచేదాన్ని. డాక్టరమ్మ మంచిదే అంది. అందరూ మంచిదే అంటారు. మంట నాది.

వేళ్లకు కసరత్తు చెప్పారు. మా అత్త ఒక పళ్లెంలో బియ్యమూ కందిపప్పూ కలిపి నా ముందు పెట్టి, కళ్లు మూసుకుని వేరు చేయమనేది. నేను తప్పు తీస్తే, "అది బియ్యమా? చూడు మల్ల," అనేది. ఎనభై ఏళ్ల మనిషి నా ఎదురుగా చాప మీద కూర్చుని, పొద్దుట రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. ఒక పూట విసుగొచ్చి పళ్లెం తోసేశాను. గింజలు ఇల్లంతా పడ్డాయి. ఆమె ఏరుకొచ్చి మళ్లీ నా ముందు పెట్టింది.

ఆ పళ్లెం ముందు కూర్చుని చాలా ఆలోచించాను. ఇన్నాళ్లు నేను విన్న మాటలు ఉత్తవేనా? అలా అనడానికి కూడా మనసొప్పదు. ఆ రోజుల్లో నా ముందున్న చీర కంటికి ఉంది, చేతికి లేదు. చేతినే అడిగితే లోకం లేదనే చెప్పేది. రెండు నరాలు నిద్రపోతే మాయమయ్యే లోకాన్ని ఎంతవరకు నమ్మాలి? పెద్దలు అడిగిందీ ఇలాంటి ప్రశ్నే అయి ఉండాలి. అంకెలు పదకొండు దగ్గర ఆగిన ఆ పూట కూడా, భయపడుతున్న నన్ను లోపల ఎవరో నిదానంగా చూస్తున్నట్టు ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. అది అబద్ధమని నేను చెప్పను. ఆ చూసేది ఎవరో నాకు తెలియదు.

కానీ ఒకటి తెలుసు. చీకట్లో తాడును చూసి పామనుకోవడమే మాయ అని ప్రతి వారమూ మాకు చెప్పేవారు. మేం చేసింది దానికి తలకిందులు. పామును చూసి తాడనుకుని చేత్తో పట్టుకున్నాం. ఒళ్లు మొద్దుబారడాన్ని ఒంటి మీద మమకారం పోవడం అనుకున్నాం. ఆ రెండింటికీ మధ్య తేడా తెలియకపోతే, లోకం సంగతి తర్వాత, మాకు పట్టిన మాయే చాలు.

పుష్యం వచ్చేసరికి కర్ర పట్టుకుని నడిచాను. బియ్యమూ పప్పూ తప్పు లేకుండా వేరు చేశాను. పట్టుపోగు మాత్రం అందలేదు. బూడిద అద్దుకుని రెండు కొనలు పట్టుకుంటే బూడిద తెలిసేది, పోగు తెలిసేది కాదు. మా ఆయన వార్పులను ఇంకొకామె వచ్చి అతికి పోయేది. ఆమె పని చేసినంతసేపూ నేను పెరట్లో కూర్చునేదాన్ని.

మాఘం

అయ్యవారు కబురు పంపారు. సరోజమ్మ వచ్చి అనుభవం చెబితే అందరికీ మేలు అని. నేను చావుదాకా పోయి తిరిగి రావడం సాధన బలమని అక్కడ చెప్పుకుంటున్నారట. మా ఆయనను అడిగాను, "పోదామా?" అని.

"నువ్వేం చెప్తావో నాకు తెలుసు," అన్నాడు. కర్ర తెచ్చి నా పక్కన పెట్టి, "పోదాం. చెప్పు," అన్నాడు.

మేడ మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ధ్యానం అయ్యాక నా వంతు వచ్చింది. కర్ర ఆనుకుని లేచాను.

"అయ్యవారూ, నాకు వచ్చింది జబ్బు. మీరు జ్ఞానం అన్నారు. నాకూ గర్వంగా ఉండి నమ్మినా. ఒక వారం పోగొట్టుకున్నా. ఇంకొక దినం అయింటే ఊపిరి పోతాండె. ఇది నా అనుభవం."

నాకు కోపం ఇంకా తీరలేదు.

"ఈడ కాళ్లు మొద్దుబారినోళ్లు ఇంగ ఎవరన్నా ఉండారా? సిగ్గుపడొద్దండి. ఉంటే ఆస్పత్రికి పోండి."

వెనక ఒక ముసలామె చెయ్యెత్తింది. ఇంకెవరూ ఎత్తలేదు. అప్పుడు అయ్యవారు మెల్లగా, తమలో తాము అనుకుంటున్నట్టు, "నాకు నాలుగేండ్ల నుంచి పాదాలు తెలీవమ్మా. నేను దాన్ని..." అని ఆగారు.

నాకు కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయన ఎవరికీ అబద్ధం చెప్పలేదు. తను నమ్మిందే నాకు చెప్పారు. నేను కర్ర కింద పెట్టి, ఆయన ముందు కూర్చుని, ఆయన కుడిపాదం పట్టుకున్నాను.

"వద్దమ్మా, నేను కాళ్లు మొక్కించుకోను," అని వెనక్కి లాక్కోబోయారు. నేను వదల్లేదు. చుట్టూ ఉన్నవాళ్లు నేను మొక్కుతున్నాననుకుని చేతులు జోడించారు. వీళ్లు మారరు.

పాదాన్ని ఒడిలో పెట్టుకుని అడుగు భాగమంతా వేళ్లతో తడుముతూ పోయాను. అరికాలు చల్లగా, ఎండిపోయి ఉంది. మడమ దగ్గరికి వచ్చేసరికి వేడిగా తగిలింది. చర్మం ఉబ్బి ఉంది. చూపుడువేలితో నొక్కితే తడి అంటింది. ఆ తడి మధ్యలో, సన్నగా, పట్టుపోగు కన్నా కాస్త మందంగా ఏదో నా వేలి కొసకు గుచ్చుకుంది. నొప్పి పుట్టింది. వేలు తీయకుండా తల ఎత్తి చూశాను. అయ్యవారి ముఖంలో ఏ నొప్పీ లేదు. ప్రశాంతంగా నా వైపే చూస్తున్నారు.

నా ముఖం చూసి ఆయన ముఖం మారింది. ముందుకు వంగారు. లెక్క తప్పిన పిల్లవాడిలా, చాలా చిన్న గొంతుతో అడిగారు.

"ఆడ ఏమన్నా ఉండాదామ్మా?"

"ఉండాది అయ్యవారూ," అన్నాను. "ముల్లుండాది."